సింహాచలం మావ బకెట్టు

ఇది ఒక మహావీరుడి కథ. ఇందులో ఇరవై ఏళ్ళకు పైగా సాగిన యుద్ధం ఉంది, ఒక నది ఉంది, ఒక నింద ఉంది, ఆ నిందను మోసిన మనిషి ఉన్నాడు, ఆయన వెంట నడిచిన యోధులు ఉన్నారు, చివర్లో అందరూ ఒకే మైదానంలో కలిసే ఘట్టం కూడా ఉంది. ఇలా మొదలుపెట్టి నాలుగు పేజీలు రాశాక చదివి చూసుకుంటే నాకే అనుమానం వచ్చింది. యుద్ధం అన్నది టెన్నిస్ బంతితో ఆడిన క్రికెట్. నది చంపావతి, అందులో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళకంటే ఇసుకే ఉంటుంది. యోధుల్లో ఒకాయన బస్సు కండక్టరు. మహావీరుడు మా మేనమామ సింహాచలం, నెల్లిమర్ల జూట్ మిల్లులో గోగునార మెత్తబడటానికి దాని మీద నూనె కలిపిన నీళ్ళు చల్లేవాడు. మొత్తానికి కథానాయకుడని చెప్పుకోదగ్గది ఒక బకెట్టు. కాబట్టి ఇది మహాకావ్యం కాదు. ముందే చెప్పేశాను, తర్వాత నన్ను అనొద్దు.

ఆ బకెట్టు మొన్న మావ వాళ్ళ పెరట్లో కనబడింది. రేకు బకెట్టు. అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఆ సొట్ట ఎలా పడిందో చెప్పడానికి మా జట్టులో ఎంతమంది ఉండేవారో అన్ని కథలు ఉండేవి, వాటిలో ఒక్కటీ నేను నమ్మలేదు. వంగి చూస్తే అడుగు నుంచి బట్టల సబ్బు వాసన వచ్చినట్టు అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ వాసన ఉండదని నాకు తెలుసు. లేని వాసన పీల్చడం జ్ఞాపకాలు రాసే పెద్దవాళ్ళకి వచ్చే జబ్బు. నాకు ముప్పై రాకుండానే అంటుకున్నట్టుంది.

మా ఇల్లూ మావ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. మిల్లు కూత వేసిన కాసేపటికి సందు మలుపులో ముందు వాసన కనిపించేది, తర్వాత మావ కనిపించేవాడు. తడిసిన గోగునార, యంత్రాల నూనె, చెమట, ఈ మూడూ కలిసిన ఆ వాసనకి వీధి కుక్కలు కూడా లేచి పక్కకి తప్పుకునేవి. మా అత్త పైడమ్మ ఆయన్ని వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, ముందు బూడిదతో, తర్వాత సబ్బుతో చేతులు తోముకుని, అరచేతులు రెండూ ఆవిడ ముక్కు ముందు పెట్టాలి. ఆ ముక్కు ఒప్పుకుంటేనే చోడంబలి గిన్నె, పక్కన ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు బయటికి వచ్చేవి. ఇల్లంతా ఎండుచేపల వాసన కొడుతుంటే ఆవిడకి ఈ నూనె ఒక్కటే ఎందుకు గిట్టేది కాదో నాకు అర్థమయ్యేది కాదు. అత్త వెతుకుతున్నది నూనె వాసన కాదని, బీడీ వాసన అని నా అనుమానం. అడిగితే చెప్పలేదు. మా రెండిళ్ళలోనూ అనుమానం అన్నం లాంటిది, పూటకి ఒకసారి వండేవారు.

ఇంట్లో చేతులు చూపించే ఈ మనిషి మైదానంలోనూ చూపించాల్సి రావడం వెనక ఒక చరిత్ర ఉంది. అది నేను పుట్టకముందో, పుట్టి పాలు తాగుతున్నప్పుడో జరిగింది, కాబట్టి ఇందులో ఎంత నిజమో నాకు పూచీ లేదు. మావ డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా తిన్నగా ఏటి ఒడ్డు మైదానానికి వెళ్ళి ఒక ఫైనల్లో బంతి వేశాడు. అప్పటిదాకా ఆయన్ని బౌలరుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ రోజు పొద్దుట్నుంచీ తుప్పర వాన పడుతోందట. ఆ తుప్పర్లోనే ఆడారు. మావ వేసిన బంతి నిక్షేపంగా వస్తూ వస్తూ, సరిగ్గా బ్యాటు ముందుకొచ్చేసరికి ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయేది. విజయనగరం జట్టులో సగంమంది అలా గాలిని కొట్టి కొట్టి వెనక్కి పోయారు. అప్పుడు వాళ్ళ కెప్టెన్ బంతిని తీసుకుని వాసన చూశాడు. నూనె వాసన. ఇంకేముంది, నూనె రాసి బంతిని తిప్పుతున్నాడని గొడవ మొదలైంది. కర్రలు కూడా వచ్చాయంటారు. మా వాళ్ళు ఏ గొడవ చెప్పినా అందులో కర్రలు వస్తాయి, ఎవరికీ తగలవు.

అంపైరు జ్ఞానరత్నం మాస్టారు. బాప్టిస్టు మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, చర్చిలో ఆదివారం కానుకల సంచీ పట్టుకునే మనిషి, ఆయన మాటంటే రెండు జట్లకీ గౌరవం. ఆయన బంతిని తనూ వాసన చూసి, కాసేపు ఆలోచించి, పక్కనున్న శెట్టిగారి కొట్లోంచి ఒక బకెట్టు నీళ్ళూ, ఒక సబ్బు ముక్కా తెప్పించారు. సింహాచలం ఇకనుంచి ఓవరు వేసే ముందు అందరి ఎదుటా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కడుక్కున్న చేతులు బ్యాటు పట్టుకున్నవాడికి చూపించాలి, అప్పుడు వెయ్యాలి. ఇదీ తీర్పు. ఆ మ్యాచ్ కి మాత్రమే అని ఆయన అనుకున్నారు. కానీ నిందకి కాళ్ళుంటాయి, షేర్ ఆటో ఎక్కి మరీ తిరుగుతుంది. తర్వాత మావ ఎక్కడ ఆడినా, చీపురుపల్లిలో, గజపతినగరంలో, ఆఖరికి నాగావళి దాటి శ్రీకాకుళంలో ఆడినా, అవతలి జట్టు టాస్ కంటే ముందు అడిగేది బకెట్టు ఏదని. ఇరవై ఏళ్ళకు పైగా, మీసం రాని కుర్రాళ్ళ ముందు కూడా, మావ అరచేతులు చాపి నిలబడ్డాడు. విచిత్రం ఏమిటంటే, అంత కడిగించినా బంతి దిగుతూనే ఉంది, వికెట్లు పడుతూనే ఉన్నాయి. దాంతో అనుమానం తగ్గడానికి బదులు పెరిగింది. కడిగినా పోని నూనె ఏదో మిల్లులో తయారవుతోందని శ్రీకాకుళం వాళ్ళు చెప్పుకునేవారు.

ఇక యోధుల సంగతి. మావ లెక్కలో ఆయనతో ఆడినవాళ్ళందరూ గొప్పవాళ్ళయ్యారు, గొప్పవాళ్ళు కావడానికి కారణం ఆయన బౌలింగు. కీపర్ అప్పలరాజు విశాఖపట్నంలో సెలక్షన్ల దాకా వెళ్ళాడట. వెళ్ళిన మాట నిజమే. సెలెక్టర్లు ఏమన్నారని అడిగితే మాత్రం మావా అప్పలరాజూ చెరో మాట చెప్పేవారు. తర్వాత ఆయన శ్రీకాకుళం బస్సులో కండక్టరయ్యాడు. టోర్నమెంట్లకి ఊళ్ళు వెళ్ళేటప్పుడు ఆ శెట్టిగారి బకెట్టుని ఒళ్ళో పెట్టుకుని మోసింది ఆయనే, అందుకే లగేజీ విషయంలో ఇప్పటికీ చాలా కఠినంగా ఉంటాడు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ రామునాయుడు మండల స్థాయి నాయకుడయ్యాడు. రనౌట్ అయిన ప్రతిసారీ తప్పు అవతలివాడిదని జనాన్ని ఒప్పించేవాడు గనక ఆ రంగంలోకి వెళ్ళడం సహజమే. సూరిబాబు అని ఇంకో ఆయన సినిమాలో కనిపించాడు. జాతర సీనులో, వెనక నుంచి. తెర మీద ఒక వీపు అలా వెళ్ళి ఇలా మాయమవుతుంది. అది సూరిబాబు వీపేనని మావ పైడితల్లి అమ్మవారి మీద ఒట్టేసి చెప్పేవాడు. అత్త మాత్రం, ఆ వీపుకి అంత శుభ్రమైన చొక్కా ఎక్కడిది అనేది.

నేను విజయనగరంలో డిగ్రీ చదువుతూ ఆ జట్టులో పదకొండోవాణ్ణి అయ్యాను. పదకొండోవాడు అంటే పన్నెండోవాడు రాని రోజు ఆడేవాడని అర్థం. అప్పటినుంచే నా పరిశోధన మొదలైంది. అందరూ అనుమానిస్తున్నారంటే ఎక్కడో ఏదో ఉండాలి కదా. మావ తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించేవాడు, చేతులు కడుక్కుని ఒకసారి జుట్టు సవరించుకుంటే చాలు. ఒక టోర్నమెంటంతా ఆయన చేతినే చూస్తూ ఫీల్డింగ్ చేశాను. చెయ్యి తల దాకా పోలేదు. కడుక్కునేవాడు, నీళ్ళు ఒకసారి విదిలించేవాడు, అరచేతులు చూపించేవాడు, బంతి అందుకునేవాడు. అంతే. నా దగ్గరికి రెండు ఫోర్లు వచ్చి వెళ్ళాయి గానీ దొంగతనం ఏదీ దొరకలేదు. ఇంకో విచిత్రం, ప్రాక్టీసులో మావ బంతి అసలు దిగేదే కాదు. నేను కూడా కొట్టేవాణ్ణి, అంటే ఇక ఎవరైనా కొట్టగలరని లెక్క. అదేమిటి మావా అంటే, మ్యాచ్ కోసం దాచుకుంటున్నాను అనేవాడు. దాచుకునే వస్తువు ఏమిటో చెప్పేవాడు కాదు.

మావకి నలభై అయిదు దాటేసరికి భుజం మొరాయించింది. చెయ్యెత్తి దండెం మీద లుంగీ ఆరేసుకోవడం కూడా కష్టమైంది. ఇక ఆట చాలించమని అత్త రోజూ అంటుంటే ఒక సాయంత్రం, అంబలి గిన్నె ముందు పెట్టుకుని, మావ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు.

"ఒక్క ఓవరు. కడుక్కోకండా, ఈ సేతులు ఎవుడికీ సూపించకండా ఒక్క ఓవరేసి మానీస్తాను. నానేటి దొంగోడ్నేట్రా?"

నవ్వుతూ అన్నాడు కానీ గిన్నె అలాగే ఉంది. మా ఇంట్లో అంబలి చల్లారిపోయేదాకా ఎవరైనా ఊరుకున్నారంటే విషయం పెద్దదని అర్థం. నేను ఆ మాట అప్పలరాజు చెవిన వేశాను, అప్పలరాజు బస్సులో దాన్ని శ్రీకాకుళం దాకా మోసుకెళ్ళాడు, తిరిగి వచ్చేసరికి రామునాయుడు వీడ్కోలు మ్యాచ్ ప్రకటించేశాడు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి గనక ఆయన ఔదార్యాన్ని నేను పూర్తిగా నమ్మలేదు. ఫ్లెక్సీలో మావ ఫోటో రూపాయి బిళ్ళంత, రామునాయుడు ఫోటో చాటంత ఉండటంతో ఆ అనుమానం తీరిపోయింది.

ఏటి ఒడ్డునే మ్యాచ్. అవతల శ్రీకాకుళం జట్టు, వాళ్ళ కెప్టెన్ దిలీప్, బ్యాటు ఊపితే బంతి ఇసుకలో పడేది. పాతవాళ్ళందరూ వచ్చారు. అప్పలరాజు డ్యూటీ మార్చుకుని వచ్చి మళ్ళీ కీపింగుకి నిలబడ్డాడు. సూరిబాబు వచ్చి ఎక్కువసేపు వెనక్కి తిరిగే ఉన్నాడు, బహుశా గుర్తుపట్టడానికి వీలుగా. జ్ఞానరత్నం మాస్టార్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆడవాళ్ళ వైపు అత్త, ఒళ్ళో మావ మ్యాచ్ సంచీతో, అందులో ఎప్పటిలాగే తువ్వాలు. ఆఖరి ఓవరు మావ చేతే వేయించాలని రామునాయుడు పట్టుబట్టాడు. అలా అయితే జనం చివరిదాకా ఉంటారని ఆయన లెక్క.

ఆఖరి ఓవరుకి శ్రీకాకుళం గెలవాలంటే పదిహేను పరుగులు కావాలి. మావ అలవాటుగా బకెట్టు వైపు నడిచాడు. అప్పుడు మాస్టారు కుర్చీలోంచి లేచారు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఆయన వచ్చి బకెట్టుని కాలితో పక్కకి జరిపి, అందరికీ వినిపించేలా అన్నారు.

"పెట్టించింది నేనే సింహాచలం. తీయిస్తున్నదీ నేనే. నీ చేతులు శుభ్రమే. వెళ్ళు, వెయ్యి."

జనం చప్పట్లు కొట్టారు. మావ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పలరాజు గ్లవ్స్ తో తుడుచుకోబోయి కంట్లో దుమ్ము పడేసుకున్నాడు. ఇక్కడ ఆగిపోయి ఉంటే ఇది నిజంగానే గొప్ప కథ అయ్యేది. కానీ మావ బంతి వేశాడు.

బంతి తాడు కట్టి లాగినట్టు తిన్నగా వచ్చింది. దిగలేదు, తిరగలేదు, ఏ ఆలోచనా లేకుండా నేరుగా బ్యాటు మీదకి వచ్చింది. దిలీప్ దాన్ని చంపావతి ఇసుకలోకి కొట్టాడు. ఆరు. రెండో బంతి, అదే. ఫోరు. మూడో బంతిని ఎవరైనా కొట్టేవారే, దిలీప్ పెద్దాయన మీద జాలిపడి మెల్లగా తోశాడేమో, పరుగు రాలేదు. ఇంక అయిదు పరుగులు, మూడు బంతులు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్ళ లెక్క నాకు వినిపిస్తూనే ఉంది. నూనె దొంగకి బకెట్టు తీసేస్తే పండగ కావాలి. ఈయనకి శ్రాద్ధంలా ఉందేమిటి? అంటే నూనె లేదన్నమాట. అయితే ఇన్నేళ్ళూ ఆ వికెట్లు ఎలా పడ్డాయి?

ఈ ప్రశ్న జనానికంటే ముందు అప్పలరాజుకి తగిలినట్టుంది. బంతిని తిరిగి విసరకుండా చేతిలో తిప్పి చూస్తున్నాడు. మావ దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో అన్నాడు. నేను బౌలరుకి దగ్గరగా మిడాన్ లో ఉన్నాను గనక వినబడింది.

"ఒరే సింవాచలం, బంతి పొడిగుందిరా. నా సేతికెప్పుడూ ఓ పక్కన తడిగా వచ్చీది. ఇయ్యాల పొడిగుంది."

మావ బంతిని అందుకున్నాడు. నాకు మాత్రం ఆ ఫైనల్ రోజున పడ్డ తుప్పర గుర్తొచ్చింది, నేను చూడని తుప్పర. టెన్నిస్ బంతి మీద నూగు ఒక పక్కన తడిస్తే ఆ పక్క బరువెక్కుతుంది, గాల్లో వాలుతుంది. ఆ రోజు వాన చేసిన పనిని నూనె చేసిందనుకున్నారు. నూనె పోవాలని ప్రతి ఓవరుకీ నీళ్ళు పెట్టారు. అంటే విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా అన్ని జట్లూ కలిసి, మా మావకి ప్రతి మ్యాచ్ లోనూ పట్టుబట్టి ఒక బకెట్టు వాన ఏర్పాటు చేశాయి. ఎవరూ అనుమానించకపోయి ఉంటే ఆయన రెండు మ్యాచ్ లు ఆడి, తన్నులు తిని, ఇంట్లో కూర్చునేవాడు.

అందరి కళ్ళూ మావ మీద. బకెట్టు అడిగితే మ్యాచ్ దక్కొచ్చు, కానీ జీవితమంతా కోరుకున్న ఆ ఒక్క ఓవరు పోతుంది. అడక్కపోతే చేతులు శుభ్రంగా ఉంటాయి, మ్యాచ్ ఉండదు. మావ బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అత్త గొంతు వచ్చింది, కేకలా కాదు, కూర తరుగుతూ మాట్లాడినట్టు.

"సేతులు కడుక్కుని ఏడవమనండోలె. ఇంటికాడ పనుంది."

మావ వెళ్ళి బకెట్టు ముందు కూర్చున్నాడు. అవతలి జట్టు అడక్కుండా చేతులు కడుక్కోవడం మైదానంలో ఆయనకి అదే మొదటిసారి. తీరిగ్గా, సబ్బు లేకుండా, మణికట్ల దాకా తడుపుకున్నాడు. లేచి తిన్నగా బౌలింగు చోటికి నడిచాడు. దిలీప్ చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ళు చెప్పగా విన్న పద్ధతి ప్రకారం, సేతులు సూపించవా బాబాయ్ అన్నాడు. మావ ఆగాడు. చేతులు చాచబోయాడు కూడా.

"అక్కర్లేదు బాబూ," అన్నారు మాస్టారు. "ఆడు."

ఆ బంతి వస్తూ వస్తూ బ్యాటు ముందర కూర్చుండిపోయింది. దిలీప్ గాలిని కొట్టాడు, వెనక వికెట్టు పడింది. తర్వాత వచ్చినవాడు అయిదో బంతికీ గాలినే కొట్టాడు. ఆఖరి బంతిని గుడ్డిగా పైకి లేపాడు, అది సూటిగా నా దగ్గరికి వచ్చింది. మా మావ జీవితంలో ఆఖరి వికెట్టు నా అరచేతుల్లోకి దిగుతోంది. వదిలేశాను. వాళ్ళకి ఒక పరుగే వచ్చింది గనక గెలిచాం. ఫోన్లలో వీడియో తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరి వీడియోల్లోనూ నేను స్పష్టంగా కనిపిస్తాను, సూరిబాబులా వెనక నుంచి కాదు.

ఇంటికి నడిచి వస్తూ మావని అడిగాను, నీళ్ళ సంగతి ముందే తెలుసా అని. దండలన్నీ రామునాయుడే మెడలో వేసుకుని వెళ్ళిపోవడం వల్ల మావ చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"తెలిస్తే తీసీమని నానెందుకు అడుగుతాన్రా గుంటడా," అన్నాడు.

న్యాయమైన మాట. నేను ఒప్పుకుని ఊరుకునేవాణ్ణే. కానీ ముందు నడుస్తున్న అత్త వెనక్కి తిరగకుండానే అంది:

"మరి మేచ్చికెల్లినప్పుడల్లా సంచీలో తువ్వాలు పెట్టీదాన్ని గదా. ఒక్కనాడైనా తడిసొచ్చిందేటి? పెట్టిన మడత పెట్టినట్టే వచ్చీది."

మావ పక్క సందులోకి మళ్ళాడు. పెరట్లోకి వెళ్ళి, బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు తోముకుని, అరచేతులు ఆవిడ ముక్కు ముందు పెట్టాడు. అత్త వాసన చూసి గిన్నె తెచ్చింది.

ఈ విషయం నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలియకపోతే ఇన్నేళ్ళూ చేతులు ఎందుకు తుడుచుకోలేదు? తెలిస్తే బకెట్టు ఎందుకు తీసేయమన్నాడు? బకెట్టు లేకుండా తను ఎంతటి బౌలరో ఒక్కసారి చూసుకోవాలనుకున్నాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. చూసుకున్నాడు, మూడు బంతుల్లో తెలిసిపోయింది, నాలుగో బంతికి మళ్ళీ తడిచేతులతో వచ్చాడు. ఇలా రాస్తే బాగుంటుంది కానీ, భుజం నొప్పిగా ఉన్న మనిషి మనసులో అంత తీరిక ఉంటుందా అని వెంటనే ఇంకో అనుమానం. ఇప్పుడు అదే మైదానంలో దీపాలు పెట్టి ఆడుతున్నారు, రంగురంగుల చొక్కాలు, ప్రతి బంతినీ ఫోన్లో ప్రపంచమంతా చూస్తుంది, తేడా వస్తే వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూస్తారు. ఎవరి చేతులూ ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం లేనంత నమ్మకం పెరిగిందా, అడిగే ఓపిక పోయిందా అన్నది నాకు తెలియదు. ఎదురుగా నిలబడి, నీ చేతులు చూపించు అని అడిగే అనుమానంలో కనీసం రెండు గజాల దగ్గరితనం ఉండేది. మాస్టారు పోయారు. అప్పలరాజు రిటైరయ్యాడు. రామునాయుడు ఓడిపోయాడు, తప్పు అవతలివాడిదేనట.

మొన్న పొద్దున్న ఆరు కాబోతుండగా పెరట్లో బకెట్టు దగ్గర నన్ను చూసి మావ బయటికి వచ్చాడు. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. ఇప్పుడైనా చెప్తాడేమోనని ఎదురుచూశాను. మావ వంగి, బకెట్టు ఎత్తి, కుళాయి కింద పెట్టాడు. మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, పొద్దున్న ఆరింటికి వదిలి ఆరున్నరకి కట్టేస్తారు.